మంచం కింద ఇంజను, పళ్ళెం వెనక పాచిక

ఆస్టినాబాద్‌లో సీతాలు గురించి ఎవర్నడిగినా రెండు రకాల జవాబులొస్తాయి. "ఆ పిల్లే లేకపోతే మా అత్తాకోడళ్ళం ఈపాటికి వేరు కుంపట్లు పెట్టుకునేవాళ్ళం" అనేది ఒకటి. "దాని మాట నమ్మి మాత్రం ఎక్కడికీ బయల్దేరకండి" అనేది రెండోది. రెండూ నిజమే. చాలాసార్లు ఆ రెండూ ఒకే మనిషి నోటినుంచి వస్తాయి, అదీ తమాషా.

సీతాలుకి ముప్పై దాటాయి. అబర్డీన్ బజార్‌లో ఒక లాడ్జి కౌంటర్లో కూర్చుంటుంది. మొగుడు దానయ్య నికోబార్ వైపు తిరిగే ఓడలో ఇంజను రూములో పనిచేస్తాడు. నెలలో సగం రోజులు అతను నీళ్ళమీదే ఉంటాడు కాబట్టి ఆమె కాపురం సగం పుట్టింట్లోనే. లాడ్జికి వచ్చినవాళ్ళతో హిందీ, తల్లితో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. తెలుగు మాట్లాడమంటే గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుని, మధ్యలో విసుగొచ్చి, మిగతాది సొంతంగా కల్పించి చదివేస్తుంది. ఆమె చేత శుభలేఖ చదివించుకున్నవాళ్ళు ముహూర్తం వేళకి పెళ్ళికి చేరిన దాఖలాలు తక్కువ.

కల్పించడం ఆమెకి పుట్టుకతో వచ్చింది. మార్కెట్లో పక్కపక్కనే కూర్చుని చేపలమ్ముకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు ఆడవాళ్ళుండేవారు. సీతాలు మొదటామె దగ్గరికెళ్ళి, "నీలాగ వంజరం ముక్క కొట్టడం ఈ దీవిలో ఇంకెవరికీ రాదంట పిన్నీ, పక్కావిడే అంది" అంది. రెండో ఆమె దగ్గరికెళ్ళి ఆ మాటే అక్కడా అంది. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో నాలుగు రోజులకి ఇద్దరూ ఒకే గొడుగు కింద కూర్చుని, సీతాలు మరీ గీసిగీసి బేరమాడుతుందని కలిసి తిట్టుకోవడం మొదలుపెట్టారు.

ఊరందరి తగువులూ తీర్చిన మనిషి సొంతింటి తగువు దగ్గర చతికిలబడింది. ఆ తగువు ఇంట్లో మంచం కిందే ఉంది. గోనెసంచిలో చుట్టిపెట్టిన బోటు ఇంజను అది. సీతాలు తల్లి మహాలక్ష్మమ్మ రోజుకొక్కసారైనా దానికి కాలి బొటనవేలు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా అత్తింటివాళ్ళని ముత్తాతల దాకా పేరుపేరునా తలుచుకుంటుంది. ఆ ముత్తాతల్లో ఒకాయన కళింగపట్నం దగ్గర తీరంలో వలేసుకుని బతికాడు. ఆయన కొడుకు, చేపలు పట్టేవాళ్ళు కావాలని సర్కారు పిలిస్తే ఓడెక్కి ఈ దీవులకొచ్చాడు. ఆయన కొడుకే సీతాలు తండ్రి అప్పలరాముడు.

అప్పలరాముడికి, హార్బరుకి అవతల బాంబూఫ్లాట్‌లో ఉండే నూకయ్యకి కలిపి ఒక బోటు ఉండేది. దీవుల్లో డుంగీ అంటారు, ఇంజను తగిలించుకునే చెక్క పడవ. దానికి నీలవేణి అని పేరు. నూకయ్య పరాయివాడు కూడా కాదు, అప్పలరాముడి చెల్లెలు గురమ్మ మొగుడు. ఇద్దరూ మీసాలు రాకముందునుంచీ ఒకే బోటులో తిరిగినవాళ్ళు. రెండేళ్ళ కిందట ఒకరోజు నడిసముద్రంలో నైరుతి మూల రాగిరంగు గీత కనబడింది. గాలి లేదు గానీ అడుగునుంచి అల లేస్తోంది, పిట్టలు ఒడ్డువైపు తిరిగిపోతున్నాయి. ఎదురుగా తూరచేపలు గంతులేస్తున్నా పట్టించుకోకుండా, అప్పలరాముడు అరుస్తున్నా వినకుండా నూకయ్య బోటు వెనక్కి తిప్పేశాడు. తీరా చూస్తే ఆ గాలి రానేలేదు. సాయంత్రానికి మిగతా బోట్లన్నీ చేపలతో నిండి వచ్చాయి. అప్పలరాముడు అబర్డీన్ బజార్ నడిబొడ్డున నిలబడి, "నా బావంత పిరికోడు ఈ దీవుల్లో ఇంకోడు నేడు" అని పదిమంది వినేలా అనేశాడు. "ఈ మనిషితో మళ్ళీ బోటెక్కితే నా పేరు నూకయ్యే కాదు" అని అటునుంచి ఇంకో అరుపు. బోటు నూకయ్య పెరట్లో కొబ్బరి మట్టల కింద బోర్లాపడింది. ఇంజను ఊడదీసి అప్పలరాముడు భుజాన పెట్టుకుని ఫెర్రీ ఎక్కాడు. ఇంజను లేని బోటు అక్కడ, బోటు లేని ఇంజను ఇక్కడ.

సముద్రమ్మీద తిరిగిన మనిషి ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు. అన్నంలో ఎసరెక్కువైందంటాడు. ఫ్యాను ఎవరికోసం తిరుగుతోందంటాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడవమంటాడు. సీతాలుకి మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత భయం పట్టుకుంది. పొద్దున్నే వీధి చివరికెళ్ళి ఆకాశం చూసి, ఏ పనీ లేక తిరిగొచ్చి గోడవైపు తిరిగి కూర్చునే తండ్రిని చూస్తే, ఈయన ఇలాగే కూర్చుని కూర్చుని ముసలాడైపోతాడని ఆమెకి ఏడుపొచ్చేది. ఇంజను మంచం కిందనుంచి కదలాలి, నాన్న గడప దాటాలి. ఆమెకి కావలసింది అదొక్కటే. దానికోసం చెప్పని అబద్ధం లేదు. "మామ నిన్ను తలుచుకుంటున్నాడంట నాన్నా" అంటే, "ఆడు తలుచుకుంటే నాకు దగ్గొస్తాది" అనేవాడు అప్పలరాముడు. తీపి మాటలు ఆ ఇద్దరి మీదా పనిచేయలేదు.

అప్పుడొచ్చారు బెంగళూరు టూరిస్టులు. వాన పట్టుకుని ఓడలన్నీ బంద్ అయితే అయిదుగురు లాడ్జిలో ఇరుక్కుపోయి, భోజనాల బల్ల చుట్టూ చేరి ఏదో ఆట మొదలుపెట్టారు. జూదమేమోనని సీతాలు వెళ్ళి నిలబడింది. పేకా లేదు, డబ్బూ లేదు. గడ్డమాయన ఒకడు కథ చెబుతున్నాడు. "మీ ముందు గుహ. లోపల ఎవరో గురక పెడుతున్నారు. మీరేం చేస్తారు?" అన్నాడు. మిగతా నలుగురూ నాలుగు వేషాలు. ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె. ఎవరి వేషం ఏం చేస్తుందో వాళ్ళే చెబుతున్నారు. చేసింది ఫలిస్తుందా లేదా అన్నది నేరేడుపండంత నీలం పాచిక చెబుతుంది. దానికి ఇరవై ముఖాలు. ఇరవై పడితే అదృష్టం, ఒకటి పడితే కొంప మునిగినట్టే.

సీతాలు చెవులు నిక్కబొడుచుకున్నది ఆట చూసి కాదు. అందులో ఒక జంట పొద్దుట్నుంచీ మాటల్లేకుండా ఉన్నారు, వేరేవేరే ఆటోలు పిలవమన్నారు కూడా. ఆ ఇద్దరే ఆటలో "నా ప్రాణమడ్డం పెడతా" అని ఒకరంటే "నిన్నొదిలి పోను" అని ఇంకొకరంటున్నారు. ఓరి వీళ్ళ దుంపతెగ అనుకుంది సీతాలు. గడ్డమాయన మాత్రం పాచిక ఒక పుస్తకం అడ్డం పెట్టుకుని వేస్తున్నాడు. "దాచుకుని వెయ్యడమెందుకు భయ్యా?" అనడిగితే కన్నుగీటి, "కథ బాగుండాలి కదా దీదీ" అన్నాడు. వెళ్ళేరోజు ఒక పాచిక ఆమె చేతిలో పెట్టి మరీ వెళ్ళాడు.

ఇంక సీతాలుని పట్టేవాళ్ళెవరు? మేనత్త గురమ్మకి ఫోన్ చేసింది. ఆవిడకీ మొగుడు ఇంట్లో కూర్చుని ప్రాణం తీస్తున్నాడు. ఇద్దరూ కలిసి నూకాలమ్మ మొక్కు ఒకటి పుట్టించారు. "అన్నియ్యా, మొక్కు కూడు నువ్వు ముట్టకపోతే నాకు అరిష్టం. ఆయన ఇంట్లో నేరు, రంగత్ ఎల్లారు" అని గురమ్మ అన్నకి కబురుపెట్టింది. చెల్లెలి మొక్కు భోజనం కాదనడం వాళ్ళ ఇళ్ళలో లేదు. ఆదివారం పొద్దున్నే అప్పలరాముడు ఉతికిన లుంగీ కట్టుకుని, పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని ఛాతమ్‌లో ఫెర్రీ ఎక్కాడు.

బాంబూఫ్లాట్‌లో గుమ్మంలోనే వల అల్లుకుంటూ నూకయ్య కనబడ్డాడు. రంగత్ వెళ్ళినవాడు మరీ అంత గుమ్మంలో కూర్చోకూడదు. అప్పలరాముడు మారుమాట లేకుండా వెనక్కి తిరిగి జెట్టీవైపు నడిచాడు. కాసేపటికి తలనుంచి కాళ్ళదాకా తడిసి తిరిగొచ్చాడు. గాలి లేచింది, తుఫాను సిగ్నల్ పెట్టేశారు, ఫెర్రీ బంద్. మొక్కు అబద్ధం, రంగత్ అబద్ధం గానీ ఆ వాన మాత్రం సీతాలు కల్పించింది కాదు. దేవుడు కూడా ఒక చెయ్యి వేశాడని ఆమె లోలోపల దండం పెట్టుకుంది.

భోజనాలకి ఇద్దరూ వీపూ వీపూ చేసి కూర్చున్నారు. "ఆ వచ్చినాయనకి పులుసు గావాలేటో అడుగు" అని నూకయ్య గోడతో అన్నాడు. "పులుసులో ఉప్పు నేదని సెప్పు" అని అప్పలరాముడు ఎదురు గోడతో అన్నాడు. ఆ తర్వాత కరెంటు పోయింది. టీవీ ఆగింది. చూరునుంచి నీళ్ళ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. సీతాలు చాప పరిచి, స్టీలు పళ్ళెం ఒకటి చెంబుకి ఆనించి అడ్డంగా నిలబెట్టి, దాని వెనక పాచిక పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, అత్తా, రండి. ఆటాడదాం. నేను కథ చెబుతాను. మీరందులో మనుషులు. ఏ వేషం కావాలో కోరుకోండి. వీరుడు, దొంగ, వైద్యుడు, మంత్రగత్తె."

"నేను దొంగ" అంది మహాలక్ష్మమ్మ, అడిగీ అడక్కముందే. ఇన్నేళ్ళు చేపలమ్మినా తూకంలో ఒక చిన్న చేప కూడా తేడా రానివ్వని మనిషి మరి. ఎన్నాళ్ళనుంచి మనసులో ఉందో పాపం.

"అయితే మంత్రగత్తె నేను" అంది గురమ్మ. "సాపం పెడితే మొగుడి నోరు పడిపోయే మంత్రం ఉంటాదా?"

"ఉంటుంది అత్తా. ఇరవై పడాలి."

సీతాలు గొంతు సవరించుకుంది. లాడ్జిలో వినడం వేరు, నలుగురి ముందు నడపడం వేరు. గడ్డమాయన గొంతు తెచ్చిపెట్టుకుని మొదలుపెట్టింది. "చీకటి సముద్రం. ఆకాశం కాటుకలా ఉంది. పడమటిగాలి ఈల వేస్తోంది. దూరాన దీవిలో ఎర్రటి వెలుగు. అక్కడ రాక్షసి దాచిన నిధి ఉంది. ఒడ్డున మీ బోటు సిద్ధంగా ఉంది. మీరేం చేస్తారు?"

"ఎల్దాం" అంది దొంగ.

"పదండి" అంది మంత్రగత్తె.

"ఎల్లకండి!" అని రెండు గోడల దగ్గర్నుంచి రెండు మగ గొంతులు ఒక్కసారే లేచాయి. రెండేళ్ళలో ఆ ఇద్దరూ ఏకమైన మొదటి మాట అది. లేచాక ఇద్దరూ ఉలిక్కిపడి నోళ్ళు మూసుకున్నారు.

"ఆటలో లేనివాళ్ళు మాట్లాడకూడదు. రూలు" అంది సీతాలు. అలాంటి రూలు బెంగళూరువాళ్ళు చెప్పలేదు, అప్పుడే పుట్టింది.

దొంగ బోటు నీళ్ళలోకి తోసింది, అదీ అడ్డంగా, అలకి పక్క చూపించి. అప్పలరాముడు పళ్ళు నూరాడు. మంత్రగత్తె లంగరు తియ్యకుండానే ఇంజను తిప్పింది. నూకయ్య చేతిలో వల కిందపడింది. తిట్టకుండా చూడటం ఇద్దరి వల్లా కాలేదు. తిట్టాలంటే ఆటలో ఉండాలి. ఆటలో ఉండాలంటే చాప మీదికి రావాలి. వచ్చారు, చాపకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు.

"నేను సరంగుని" అన్నాడు అప్పలరాముడు.

"బోటు నడిపేది నేనని సెప్పమ్మా ఆ మనిషికి" అన్నాడు నూకయ్య.

ఒక బోటుకి ఇద్దరు సరంగులు ఎక్కడైనా ఉంటారా? సీతాలు ఉంటారంది. అప్పలరాముడి వేషానికి రణధీరుడని పేరుపెట్టి, ముందు కూర్చుని నీళ్ళూ ఆకాశం చూడమంది. నూకయ్య వేషానికి పులిరాజని పేరుపెట్టి చుక్కాని చేతికిచ్చింది. "రణధీరుడికీ పులిరాజుకీ ఏ తగువూ లేదు, ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఠీక్ హై? ఇప్పుడు చెప్పండి. ఆకాశం కాటుకలా ఉంది. దూరాన దీవి. మీరేం చేస్తారు?"

"ఇంటికెల్లి తొంగుంటాం" అన్నాడు రణధీరుడు.

"బోటు ఇంకాస్త పైకి లాగి కట్టీసి, తొంగుంటాం" అన్నాడు పులిరాజు.

"అలా కాదు నాన్నా, అక్కడ నిధి ఉంది."

"ఉండనీ. రేపెల్తే మాత్రం నిధికి కాళ్ళొచ్చి ఎలిపోద్దేటి?"

"ఈ మబ్బులో బోటు తీసినోడు వీరుడు కాదే, ఎదవ" అన్నాడు నూకయ్య. అప్పలరాముడు తెలియకుండానే తలూపాడు.

బెంగళూరువాళ్ళకి ఈ గొడవ రాలేదు. వాళ్ళెవరికీ సముద్రం తెలీదు కదా, కాటుక మబ్బంటే కేకలేసుకుంటూ దూకేశారు. ఇక్కడేమో రాక్షసి దీవిలో ఎదురుచూస్తూ కూర్చుంది, వీరులు ఒడ్డున పులుసు వండుకుంటున్నారు. ఆ పులుసుకి కూడా పాచిక వెయ్యాల్సిందే అన్నాడు అప్పలరాముడు. పంతొమ్మిది పడింది. "అద్గదీ! ఉప్పు కూడా సరిపోయింది" అని గురమ్మవైపు చూసి నవ్వాడు. దొంగ ఈలోగా పాచిక తన పక్కన చాప మీదే వేసి, పక్క ఇంట్లో దూరి రెండు కోళ్ళు ఎత్తుకొచ్చింది. సీతాలు కథ ఏమైపోతోందో ఆమెకే తెలియలేదు. ఆఖరికి ఓడిపోయి, "సరే బాబూ, తెల్లారింది, ఎండ కాసింది, సముద్రం అద్దంలా ఉంది, ఇప్పుడైనా కదలండి" అంది.

అప్పుడు కదిలారు. ఇద్దరు సరంగులూ బోటు దించిన తీరు చూసి సీతాలు నోరు తెరిచింది. ఎవరు ఏ పక్క పట్టాలో, ఏ అల మీద తొయ్యాలో ఒకరికొకరు చెప్పుకోనే లేదు. ఒకరు సగం చెబితే ఇంకొకరు మిగతా సగం చెబుతున్నారు. నూకయ్య "పులిరాజు ఇంజను తిప్పాడు" అంటుండగానే అప్పలరాముడు "రణధీరుడు తాడు లాగీసినాడు" అంటున్నాడు. గోడలతో మాట్లాడుకోవడం ఎప్పుడో ఆగిపోయింది.

ఇక్కడ సీతాలు నాలుక దురదపెట్టింది. రాక్షసిని పక్కన పెట్టింది. ఆ ఇద్దరి నోటినుంచీ వందసార్లు విని విని కంఠతా వచ్చిన ఆకాశం ఒకటి ఆమె దగ్గరుంది. దాన్ని మెల్లగా పరిచింది. "గాలి ఆగిపోయింది. నైరుతి మూల రాగిరంగు గీత కనబడుతోంది. అల పైనుంచి కాదు, అడుగునుంచి లేస్తోంది. పిట్టలన్నీ మీ తలమీదుగా ఒడ్డువైపు వెళ్ళిపోతున్నాయి."

తూరచేపల మాట మాత్రం ఎత్తలేదు.

రణధీరుడు ముందు కూర్చుని ఆకాశం చూసేవాడు కదా, చూశాడు. కళ్ళు చిట్లించి నిజంగానే చూరువైపు చూశాడు. మొహం మారిపోయింది. మోకాళ్ళమీద లేచి చెయ్యి వెనక్కి ఊపుతూ అరిచాడు.

"తిప్పీ బావా! తిప్పీ!"

అన్నాక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మహాలక్ష్మమ్మ కోళ్ళ సంగతి మర్చిపోయింది. నూకయ్య అతని వైపు తిరిగాడు. "ఏటన్నావు?" అన్నాడు.

"నేను కాదు. రణధీరుడన్నాడు."

"ఓహో. అయితే పులిరాజు తిప్పడు" అన్నాడు నూకయ్య, రెండేళ్ళ కసంతా గొంతులోకి తెచ్చుకుని. "పులిరాజు పిరికోడు కాదు. తిన్నగా ఎల్తాడు. మునిగితే మునుగుతాడు. ఎయ్యవే సీతాలూ, ఎయ్యి."

సీతాలు పళ్ళెం వెనక చెయ్యి విదిలించింది. టక్కుమని దొర్లిన చప్పుడైంది. వంగి చూసింది. ఉన్నదున్నట్టు చెబితే ఇంజను మంచం కిందే మిగిలిపోతుందని ఆమెకి అప్పటికప్పుడే తెలిసిపోయింది. నలుగురూ ఆమె మొహమే చూస్తున్నారు.

"ఒకటి" అంది సీతాలు.

"ఓలమ్మో!" అంది గురమ్మ.

"గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. మూడు నిలువుల అల. బోటు తిరగబడింది. నలుగురూ నీళ్ళలో ఉన్నారు. పులిరాజు మాత్రం కనబడటం లేదు. రణధీరుడేం చేస్తాడు?"

"దూకుతాడు!" అన్నాడు అప్పలరాముడు. "ఏటి చేస్తాడేటి, దూకుతాడు!" చాప మీది పాచిక అందుకుని విసిరాడు. పద్నాలుగు. ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాచి చాపకి ఆ చివరున్న నూకయ్య జబ్బ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు. వాన ఇంకా కొడుతూనే ఉంది. అప్పలరాముడు తలెత్తకుండా, చాపతో చెబుతున్నట్టు అన్నాడు.

"ఒరే పులిరాజూ. నిన్ను బజార్లో పదిమందిలో అలగ అనీసినాను. అనకూడదు. తప్పు."

"రణధీరుడు బజారుకెప్పుడెల్లాడే?" అంది గురమ్మ రహస్యంగా. మహాలక్ష్మమ్మ ఆమె తొడమీద గట్టిగా గిల్లింది.

నూకయ్య ఆ చేతిమీద తన చెయ్యి వేశాడు. "ఆ రోజు గాలి రాలేదు. అది నిజమే కదా బావా."

"రాలేదు. వస్తే?"

"వస్తే ఏటవుద్దో ఇప్పుడు సూసినాం కదా" అని కళ్ళు తుడుచుకున్నాడు నూకయ్య. ఆ వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మొహం చిట్లించాడు. "అయినా ఈ పిల్ల బోటు ఏం బోటు? మూడు నిలువుల అలకే తిరగబడిపోద్దా? మన నీలవేణి అయితేనా, ఊగి నిలబడేది."

"నిలబడేది" అన్నాడు అప్పలరాముడు. "ఇప్పుడు ఎక్కడ నిలబడతాది? అడుగు పలక ఈపాటికి కుళ్ళిపోయుంటాది."

"ఎవడన్నాడు కుళ్ళిందని? నెల నెలా సొరనూనె రాత్తన్నాను! నీ ఇంజనే తుప్పట్టుంటాది."

"నా ఇంజనుకి తుప్పా? తల్లీకూతుళ్ళిద్దరూ ఇంట్లో లేనప్పుడల్లా డ్రమ్ములో నీళ్ళోసి తిప్పుతున్నాను! ఒక్క గుంజుడికి లేస్తాది!"

అన్నాక ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. దొంగతనంగా ఒకరు బోటునీ ఒకరు ఇంజనునీ రెండేళ్ళు సాకిన సంగతి బయటపడిపోయింది. అప్పలరాముడు చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఏదీ, సూపించు ఆ పలక" అని లేచాడు. "రా, సూద్దువు గానీ" అని నూకయ్య కొబ్బరాకుల టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. వానలోనే ఇద్దరూ పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆట ఉందనీ, నీళ్ళలో మునుగుతున్న మనుషులున్నారనీ ఇద్దరికీ గుర్తే లేదు.

"ఇదేం అన్యాయమే" అంది గురమ్మ. "నేనింకా నీళ్ళలోనే ఉన్నాను. రాక్షసిని కూడా సూడలేదు."

"నా కోళ్ళు?" అంది మహాలక్ష్మమ్మ.

"వచ్చే ఆదివారం అత్తా, పక్కా" అని సీతాలు చాప మీదే వెల్లకిలా పడిపోయింది. ఒళ్ళంతా చెమట. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. పెరట్లోంచి కొబ్బరి మట్టలు లాగిన చప్పుడు, ఆ వెంటనే రెండు గొంతులు పోట్లాడుకుంటున్న చప్పుడు వినబడింది. ఇంజను రేపు పొద్దుటి ఫెర్రీకే తేవాలని ఒకరు, ఎల్లుండి మంచిరోజని ఇంకొకరు. గురమ్మ టీ పెడతానని లోపలికెళ్ళింది.

మహాలక్ష్మమ్మ పళ్ళెం తీసి పక్కన పెట్టబోయి ఆగింది. అప్పలరాముడు విసిరిన పాచిక చాప మీద పద్నాలుగు చూపిస్తూ పడి ఉంది కదా, మరి పళ్ళెం వెనక చెంబు పక్కన ఇంకోటి ఏమిటి? వంగి చూసింది. అది పాచిక కాదు. తీసి చూస్తే, వట్టి చింతగింజ.

"ఇదేటే?" అంది.

సీతాలు లేచి కూర్చుంది. "కంగారు పడిపోయానమ్మా. పాచిక నీ పక్కన చాప మీదే ఉండిపోయింది. చేతికందింది పాచికనుకుని విసిరాను, వంగి చూస్తే భోజనాల్లో రాలిన చింతగింజ. అప్పుడు ఆగి వెతుక్కుంటే ఇద్దరూ మళ్ళీ గోడల దగ్గరికి పోయేవాళ్ళు కదా."

"మరి ఒకటన్నావు?"

"చింతగింజ ఒకటే కదమ్మా."

మహాలక్ష్మమ్మ కూతురి మొహంలోకి తేరిపార చూసింది. ఈ పిల్ల నిజం చెబుతోందో, ఇదీ అప్పటికప్పుడు కల్పించిందో ముప్పై ఏళ్ళుగా ఆవిడకి అంతుచిక్కలేదు, ఇప్పుడూ చిక్కలేదు. పెరటి తలుపు చప్పుడైంది. మగవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆవిడ గబుక్కున చింతగింజ బొడ్డులో దోపుకుంది, తర్వాత పడిన పద్నాలుగు మగాళ్ళకి గుర్తుండదులే అన్నట్టు చాప మీది నీలం పాచికని తీసి పళ్ళెం వెనక పెట్టింది, చిటికెనవేలితో ఇటూ అటూ దొర్లించి ఒకటి పైకి వచ్చేదాకా తిప్పింది.

"నువ్వు కూడానా అమ్మా?" అంది సీతాలు.

"నోర్ముయ్యే" అంది మహాలక్ష్మమ్మ, కాలి బొటనవేలు నిమురుకుంటూ. "నేను దొంగని కదా."